దిద్దే ముందు అడుగు

హైదరాబాద్

చిరంజీవి బుజ్జికి,

చెన్నైలో కాపీ ఎడిటర్ ఉద్యోగం వచ్చిందని నువ్వు పెట్టిన మెసేజీ చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. అరగంట తిరక్కుండా మీ అమ్మ ఫోన్ చేసింది. "ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివించింది కామాలూ ఫుల్‌స్టాపులూ దిద్దుకోవడానికా?" అని బాధపడింది. అక్కకు ఫోన్‌లో చెప్పగలిగినంత చెప్పాను. నీకు మాత్రం తీరిగ్గా రాయాలనిపించింది. ఈ పని మీదే బతికాను, దీని మీద నాకు గౌరవం ఉంది. మన ఇంట్లోంచి ఇంకొకరు ఇందులోకి వస్తుంటే నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను.

ముందు నీ చేతికి వచ్చేది ఏమిటో చూడు. ఒక పరిశోధన వ్యాసం నీ దగ్గరికి చేరేసరికి పీర్ రివ్యూ అయిపోయి ఉంటుంది. రాసినవాళ్లు, వాళ్ల గైడు, ఇద్దరు ముగ్గురు రివ్యూయర్లు, జర్నల్ సంపాదకుడు, అందరూ చూసి సరేనన్న వ్యాసం అది. ఇంకా దిద్దడానికి ఏం మిగిలి ఉంటుంది అనిపిస్తుంది. కానీ రివ్యూయర్లు చూసేది పద్ధతి సరైనదా, ఫలితాలు నమ్మదగ్గవా, తేల్చిన మాటకు ఆధారం ఉందా అని. రాసినవాళ్లు ఆ పేజీలను ఎన్నిసార్లు చూసి ఉంటారంటే, కాగితం మీద ఉన్నది కాక తమ మనసులో ఉన్నదే వాళ్లకు కనిపిస్తుంది. శీర్షిక నుంచి చివరి రిఫరెన్సు దాకా, పట్టికల కింద చిన్నక్షరాల్లో ఉండే నోట్లతో సహా, ఒక్క మాట కూడా వదలకుండా వరసగా చదవడమే పనిగా ఉన్న మనిషివి నువ్వే. నీ తర్వాత ప్రూఫు రచయితకు వెళుతుంది, ఆయన హడావిడిగా తిరగేసి పంపిస్తాడు, అచ్చయిపోతుంది. నువ్వు వదిలేసింది లోకానికి చేరిపోయినట్టే.

మందు మోతాదు మైక్రోగ్రాముల్లో ఉందనుకో. మ్యూ అనే ఆ గ్రీకు అక్షరాన్ని కొందరు ఇప్పటికీ సింబల్ ఫాంటులో టైపు చేస్తారు. ఆ ఫాంటులో ఇంగ్లిషు 'ఎమ్' నొక్కితే తెర మీద మ్యూ కనిపిస్తుంది. ఫైలు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు, ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకో సాఫ్ట్‌వేర్‌కు మారేటప్పుడు ఆ ఫాంటు ఊడిపోతే లోపలున్న 'ఎమ్' బయటపడుతుంది. మైక్రోగ్రాము కాస్తా మిల్లీగ్రాము అయి కూర్చుంటుంది. మోతాదు వెయ్యి రెట్లు పెరిగిపోయింది. దీని కింద ఏ స్పెల్‌చెక్కూ ఎర్రగీత గీయదు, మిల్లీగ్రాము కూడా సరైన మాటే కదా. ఆ మందు గురించి కాస్త తెలిసి, ఇంత మోతాదా అని ఉలిక్కిపడే మనిషి ఒకరు అక్కడ ఉండాలి.

జన్యువుల పేర్ల కథ నీకు క్లాసులో చెప్పే ఉంటారు. సెప్ట్2 అనే జన్యువు పేరును ఎక్సెల్‌లో టైపు చేస్తే అది సెప్టెంబర్ 2 అనుకుని తేదీగా మార్చేసేది. మార్చ్1 అనే జన్యువుదీ అదే గతి. ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన పరిశోధన వ్యాసాలను 2016లో కొందరు పరిశీలిస్తే, దాదాపు ఐదింట ఒక వంతు వ్యాసాల్లో ఇలాంటి తప్పులు దొరికాయి. చివరికి మానవ జన్యువులకు పేర్లు ఖరారు చేసే హ్యూగో కమిటీయే దిగివచ్చి 2020 నాటి తన మార్గదర్శకాల్లో ఆ పేర్లే మార్చింది. ఇప్పుడవి సెప్టిన్2, మార్చ్ఎఫ్1. కానీ పాత జాబితాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, నీ బల్ల మీదికీ వస్తాయి. జన్యువుల పట్టికలో తేదీ కనిపిస్తే ఆగాలని తెలియడానికి ఇంగ్లిషు వ్యాకరణం చాలదమ్మా. నీ ఎమ్మెస్సీ పనికొచ్చేది అక్కడే. మీ అమ్మతో ఈ మాటే చెప్పు.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. శిక్షణలో నీకు దిద్దడం నేర్పుతారు. వర్డ్‌లో ట్రాక్ ఛేంజెస్, రిఫరెన్సుల వరస, హైఫన్‌కూ మైనస్ గుర్తుకూ తేడా, జీవుల శాస్త్రీయ నామాలకు ఇటాలిక్స్, ఇవన్నీ కొన్ని నెలల్లో వచ్చేస్తాయి. అంత త్వరగా రానిది అడగడం. మా పనిలో దాన్ని ఆథర్ క్వెరీ అంటాం. మార్జిన్‌లో రచయితకు రాసే ప్రశ్న. మంచి ఎడిటర్ ఎవరో, ఇంగ్లిషు మాత్రమే వచ్చినవాళ్లు ఎవరో ఆ ప్రశ్నలు చదివితే నాకు తెలిసిపోతుంది.

సారాంశంలో 48 మంది రోగులు అని ఉంది, రెండో పట్టికలో కలిపి చూస్తే 46 మందే ఉన్నారనుకో. ఏది ఒప్పు? పట్టిక వివరంగా ఉంది కాబట్టి అదే ఒప్పయి ఉంటుందని నీకు అనిపిస్తుంది, 48ని 46 చేసేయాలని చెయ్యి దురదపెడుతుంది. చెయ్యకు. ఇద్దరు రోగులు మధ్యలో మానేసి ఉండవచ్చు. పట్టికలో ఒక వరస ఎగిరిపోయి ఉండవచ్చు. రెండు అంకెలూ సరైనవే అయి, వాటి మధ్య ఉండాల్సిన ఒక వాక్యం మాత్రం రాయడం మరిచిపోయి ఉండవచ్చు. అది తెలిసినవాడు రచయిత ఒక్కడే. నువ్వు ఊహించి దిద్దితే ఆయన పేరు మీద నువ్వు ఒక అంకె సృష్టించినట్టు అవుతుంది. పరిశోధనలో అంతకన్నా పెద్ద నేరం లేదు.

అంకెల దగ్గర ఈ జాగ్రత్త అందరికీ ఉంటుంది. వాక్యాల దగ్గరే పట్టు తప్పుతుంది. ఇంగ్లిషు అంతగా రాని ఒక శాస్త్రవేత్త, రెండు ద్రావణాల గురించి చెప్పి, ఆ తర్వాత 'దాన్ని వేడి చేసి దానికి కలిపాం' అన్నట్టు రాశాడనుకో. ఏది వేడి చేశాడు, దేనికి కలిపాడు? నీకు ఒక అర్థం స్ఫురిస్తుంది. ఆ అర్థంతో చక్కని వాక్యం రాసి పెడతావు. వాక్యం బాగుండేసరికి రచయిత కూడా ప్రూఫులో దాన్ని దాటి వెళ్లిపోతాడు. తీరా అది తిరగబడిన అర్థం. ఎక్కడో ఒక విద్యార్థి ఆ వ్యాసం ముందు పెట్టుకుని అదే ప్రయోగం చేస్తాడు, ఫలితం రాదు, ఎందుకు రాలేదో తెలియక నెలలు పోతాయి. రచయిత రాసిన వంకర వాక్యమే ఉండి ఉంటే చదివినవాడు ఆగి సందేహపడేవాడు. తప్పు అర్థమిచ్చే నున్నని వాక్యం సందేహాన్ని కూడా చంపేస్తుంది.

కాబట్టి రెండు అర్థాలు వచ్చిన ప్రతిచోటా అడుగు. ఎలా అడగాలన్నది కూడా నేర్చుకోవాలి. 'ఈ వాక్యం అర్థం కాలేదు, సవరించండి' అని రాస్తే రచయితకు నీ ఇబ్బంది ఏమిటో తెలియదు, పైగా మనసు నొచ్చుకుంటుంది. 'ఇక్కడ వేడి చేసింది మొదటి ద్రావణాన్నా, రెండోదాన్నా? మొదటిది అనుకుని ఇలా మార్చాం, సరేనా?' అని రాస్తే ఒక్క మాటలో జవాబు వస్తుంది. అవతలి మనిషి పెద్ద ప్రొఫెసర్ కావచ్చు, తొలి వ్యాసం రాస్తున్న పిల్లవాడు కావచ్చు. ఇద్దరితోనూ ఒకే మర్యాదతో మాట్లాడు. నీ తెలివి చూపించుకునే క్వెరీ ఒక్కటీ రాయకు. నువ్వే వెతికి తేల్చుకోగలిగింది అడగకు. ఒక జర్నల్ సంవత్సరం, ఒక నగరం స్పెల్లింగు లాంటివి రచయిత నెత్తిన వేస్తే, ఆ గుంపులో మోతాదు గురించి అడిగిన అసలు ప్రశ్న కూడా కొట్టుకుపోతుంది.

ఒక్క మాట పోతే ఏమవుతుందో చెప్పడానికి నాకు ఎప్పుడూ ఒక ఉదాహరణ గుర్తొస్తుంది. 1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పోర్టర్, జిక్ అనే ఇద్దరు ఒక చిన్న ఉత్తరం అచ్చువేశారు. మొత్తం ఐదు వాక్యాలు. ఆసుపత్రిలో చేరి, కనీసం ఒక్కసారైనా నల్లమందు జాతి నొప్పి మందు తీసుకున్న 11,882 మంది రికార్డులు చూస్తే, అంతకుముందు అలవాటు లేనివాళ్లలో ఆ మందుకు బానిసైనట్టు స్పష్టంగా కనిపించినవాళ్లు నలుగురే అన్నది దాని సారం. ఆసుపత్రిలో, డాక్టర్ల కళ్ల ముందు, కొద్ది రోజుల వాడకం గురించి చెప్పిన మాట అది. తర్వాత ఏళ్ల తరబడి ఆ ఉత్తరాన్ని ఉదహరిస్తూ పోయారు. 2017లో అదే జర్నల్‌లో కెనడా పరిశోధకులు లెక్క తీస్తే మొత్తం 608 ఉదహరింపులు తేలాయి. వాటిలో 72 శాతం, ఈ మందులకు బానిసవడం అరుదు అనడానికి దాన్నే సాక్ష్యంగా చూపాయి. ఆ రోగులు ఆసుపత్రిలో చేరినవాళ్లు అన్న సంగతి 80 శాతం పైగా వ్యాసాల్లో ఎక్కడా లేదు. ఇళ్లలో నెలల తరబడి వాడే మందులకు ఆ మాట వర్తించదు. ఈలోపు అమెరికాలో ఆ మందుల వల్ల ఎన్ని కుటుంబాలు నాశనమయ్యాయో నీకు తెలుసు. ఆ నాశనానికి కారణాలు చాలా ఉన్నాయి, అమ్ముకున్న కంపెనీలు వాటిలో ముందుంటాయి. కానీ ఆ ఉదహరింపులు కూడా ఒక చెయ్యి వేశాయని ఆ పరిశోధకులే అన్నారు.

దీన్ని కాపీ ఎడిటర్లు చేశారని నేను అనడం లేదు. మూలం తెరిచి చూడకుండా ఒకరిని చూసి ఒకరు రాసుకుపోయిన పని అది. కానీ నీ రోజువారీ పనిలో ఈ ప్రమాదం ఎక్కడ ఉంటుందో చూడు. సారాంశానికి పదాల పరిమితి ఉంటుంది. 250 దాటకూడదు అంటారు, వచ్చింది 270. నువ్వు కుదించాలి. అప్పుడు కంటికి అదనంగా కనిపించేవి ఇలాంటి మాటలే: 'ఆసుపత్రిలో చేరిన', 'ఎలుకల్లో', 'ఆరు వారాల తర్వాత', 'కొంతవరకు'. పొరపాటున కూడా వాటి మీద చెయ్యి వేయకు. పొగడ్తలు తీసెయ్యి, రెండుసార్లు చెప్పింది తీసెయ్యి. పరిధి చెప్పే మాటను మాత్రం కాపాడు. అలాగే 'సూచిస్తోంది' అని రచయిత రాస్తే 'నిరూపిస్తోంది' అని మార్చకు. 'సంబంధం కనిపించింది' అంటే 'కారణం' చేయకు. సిగ్నిఫికెంట్ అనే మాట గణాంకాల అర్థంలో వాడారో, మామూలుగా ముఖ్యమైనది అనే అర్థంలో వాడారో చూసుకో. పక్కన పీ విలువ లేకపోతే అడుగు. రచయిత దగ్గర ఉన్న ఆధారం ఎంతో, వాక్యం గొంతు అంతే ఉండాలి.

మన పేర్ల సంగతి కూడా చెప్పాలి. ఇది చిన్న విషయం అనుకుంటారు, నేను అనుకోను. ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ అంచనా వేయడానికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి చేసే ఉంటావు. 1925లో వచ్చిన ఆ వ్యాసాన్ని ఉదహరించేటప్పుడు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 'సుబ్బారావు, వై' అవుతారు. ఇంటిపేరు పొడి అక్షరమైపోయింది, పెట్టిన పేరు ఇంటిపేరు స్థానంలో కూర్చుంది. మీ ఆంధ్రా యూనివర్సిటీలోనే గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు ప్రపంచమంతటికీ 'రావు, సీ ఆర్'. అక్కడ ఇంటిపేరూ పెట్టిన పేరూ రెండూ పొడి అక్షరాలైపోయి 'రావు' ఒక్కటే మిగిలింది. ఇద్దరూ ఆ పేర్లతోనే స్థిరపడ్డారు కాబట్టి వాటిని మనం మార్చకూడదు. కానీ ఇవాళ ఒక తెలుగు పిల్ల మొదటి వ్యాసం నీ దగ్గరికి వస్తే, నాలుగు ముక్కల పేరులో చివరి ముక్కను సాఫ్ట్‌వేర్ ఇంటిపేరుగా తీసుకుంటుంది. తర్వాతి వ్యాసంలో ఇంకో ముక్క తీసుకుంటుంది. డేటాబేసుల్లో ఆ అమ్మాయి ఇద్దరు మనుషులైపోతుంది, ఆమె వ్యాసాలను ఎంతమంది ఉదహరించారో లెక్క చీలిపోతుంది. దీనికి విరుగుడుగానే 2012లో పరిశోధకులకు విడివిడిగా ఇచ్చే ఆర్కిడ్ నంబరు వచ్చింది, కానీ అందరూ తీసుకోరు. తమిళులు, మలయాళీలు, ఇండోనేషియా వాళ్లు, అందరి పేర్లలోనూ ఈ చిక్కు ఉంది. లండన్‌లో కూర్చున్న ఎడిటర్‌కు తట్టని సందేహం నీకు తడుతుంది. ప్రతిసారీ అడుగు.

స్టైల్ గైడుల గురించి భయపడకు. షికాగో మాన్యువల్ 1906 నుంచి వస్తోంది, 2024లో పద్దెనిమిదో ముద్రణ వచ్చింది. వైద్య జర్నళ్లకు ఏఎంఏ, మనస్తత్వ శాస్త్రానికీ సామాజిక శాస్త్రాలకూ ఏపీఏ, రిఫరెన్సులకు నంబర్లు వేసే వాంకూవర్ పద్ధతి, ఇవన్నీ వెతికి చూసుకునే పుస్తకాలు, బట్టీ పట్టేవి కావు. నియమం కన్నా వ్యాసం మొదటి పేజీలోనూ చివరి పేజీలోనూ ఒకే పద్ధతి ఉండటం ముఖ్యం. ప్రతి వ్యాసానికీ నీ సొంత స్టైల్ షీటు ఒకటి రాసుకో, ఏ మాటను ఎలా ఖాయం చేశావో అందులో ఉండాలి. చదవడానికైతే జుడిత్ బుచర్ రాసిన కాపీ-ఎడిటింగ్ పుస్తకం సంపాదించు. 1975 నాటిది, తర్వాతి ముద్రణలు కూడా ఉన్నాయి. కాగితం మీద పెన్సిలుతో దిద్దే రోజుల పుస్తకమైనా రచయిత పట్ల ఎడిటర్‌కు ఉండాల్సిన బుద్ధి ఏమిటో అంత బాగా ఇంకెవరూ చెప్పలేదని నా అభిప్రాయం. రెండేళ్లు పనిచేశాక బోర్డ్ ఆఫ్ ఎడిటర్స్ ఇన్ ద లైఫ్ సైన్సెస్ పరీక్ష రాయి. నీ చదువుకు అది సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు కాస్త కష్టమైన సంగతి. ఈ ఉద్యోగంలో చేరావని తెలియగానే తెలిసినవాళ్లు థీసిస్‌లు పట్టుకుని వస్తారు. భాష దిద్దమంటే దిద్దు, తప్పు లేదు, గైడుకు తెలియజేయమని చెప్పు. కానీ చాలామంది అడిగేది అది కాదు. 'ప్లేజియరిజం పర్సెంటేజీ తగ్గించి పెట్టమ్మా' అంటారు. 2018లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు, 40 వరకు ఉంటే ఆరు నెలల్లోగా సవరించి ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఆ అంకె భయంతో వస్తారు పాపం. కానీ వేరేవాళ్ల ఆలోచనను మాటలు మార్చి దాచిపెట్టడం దొంగతనానికి సాయం చేయడమే. దానికి డబ్బు బాగా ఇస్తామంటారు. వద్దు. ఎక్కడెక్కడ మూలం పేరు చెప్పాలో, ఎక్కడ కొటేషన్ గుర్తులు పెట్టాలో చూపిస్తానని చెప్పు. వింటే విన్నట్టు, లేకపోతే పంపించెయ్యి.

ఆ మాటలు మార్చే పనికి సాఫ్ట్‌వేర్లు వచ్చాక ఏమైందో చూశాం. 2021లో గియోమ్ కబనాక్, ఆయన తోటి పరిశోధకులు అచ్చయిన వ్యాసాలు గాలించి విచిత్రమైన పదబంధాలు బయటపెట్టారు. బ్రెస్ట్ క్యాన్సర్ అనాల్సిన చోట 'బోజమ్ పెరిల్', ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనాల్సిన చోట 'కౌంటర్‌ఫిట్ కాన్షియస్‌నెస్'. యంత్రం ప్రతి మాటకూ పర్యాయపదం వేసుకుంటూ పోయింది, అవి అచ్చయిపోయాయి. 2024లో ఒక అంతర్జాతీయ జర్నల్‌లో వచ్చిన వ్యాసం, అడిగిన ఉపోద్ఘాతం ఇదిగో అని చాట్‌బాట్ చెప్పే మాటతోనే మొదలైంది. రచయితలు, రివ్యూయర్లు, సంపాదకులు, ఎవరూ మొదటి వాక్యం చదవలేదు.

నువ్వు చేరే చోట ఏఐ ఉంటుంది. రిఫరెన్సులు సర్దడానికి, స్పెల్లింగు చూడటానికి అది చాలా పనికొస్తుంది, సంతోషంగా వాడుకో. ఇక కాపీ ఎడిటర్లు ఎందుకు అని నీ స్నేహితులు అడిగారట కదా. నాకు కనిపించే జవాబు ఇది: ఆ రెండు ద్రావణాల వాక్యాన్ని దానికి ఇచ్చి దిద్దమంటే అందంగా దిద్ది పెడుతుంది. చాలాసార్లు అడగకుండానే ఏదో ఒక అర్థం ఖాయం చేసేస్తుంది. ఉన్న అర్థాన్ని కాస్త పెంచి, కాస్త తగ్గించి నున్నగా చేస్తుంది. లేని రిఫరెన్సును ఉన్నట్టు చూపిస్తుంది. కాబట్టి అది దిద్దిన పేజీని నువ్వు మూలంతో పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ప్రతి రిఫరెన్సునూ డీఓఐ నంబరుతో తెరిచి చూడాలి, ఆ వ్యాసాన్ని జర్నల్ వెనక్కి తీసుకుందేమో కూడా చూడాలి. పని తగ్గదు, మారుతుంది. అడగడం తెలియనివాళ్ల ఉద్యోగాలు పోతాయనే నేను అనుకుంటున్నాను.

రోజుకు ఇన్ని పేజీలని టార్గెట్ పెడతారు. మొదట్లో నీకది అందదు, కంగారుపడకు. టైము చాలని రోజున ఏది వదలాలో తెలియాలి. నేనైతే ముందు పట్టికలు చూస్తాను, తర్వాత సారాంశంలోని ప్రతి అంకెనూ వాటితో సరిచూస్తాను, మోతాదులూ కొలమానాలూ చూస్తాను, ఆ తర్వాతే మొదటి పేజీ నుంచి చదువుతాను. కామాలు ఒకటి రెండు తప్పిపోతే ఎవరికీ ప్రాణహాని లేదు. జీతం గొప్పగా ఉండదు, నీ పేరు వ్యాసంలో ఎక్కడా కనిపించదు. ఈ రెండూ తెలిసే చేరు. మధ్యమధ్యలో లేచి కళ్లకు విశ్రాంతి ఇవ్వు, అద్దాలు అవసరమైతే వాయిదా వేయకు.

చివరగా ఒక మాట. అచ్చు కాని మాన్యుస్క్రిప్టు రచయిత సొత్తు. స్నేహితులకు చూపించకు, కంపెనీ ఒప్పుకోని ఏఐ సైట్లలో పేస్టు చేయకు, నాక్కూడా పంపకు. ఎక్కడైనా తోచకపోతే వ్యాసం వివరాలు లేకుండా సందేహం మాత్రం చెప్పు. ఆదివారం పొద్దున్నపూట నేను ఇంట్లోనే ఉంటాను, ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
పిన్ని